రాతిసిలువ కూడలిలో ఖాళీ కుర్చీ

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది అని అడిగినవారు వాల్‌బ్రున్ గ్రామంలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక్కరూ లేరు. కనుక ఆ ప్రశ్న ఇక్కడ సూటిగా అడిగి, సూటిగానే జవాబు చెప్పవలసి ఉంది. అన్యాయం జరిగింది అర్మాంద్ రూజియేకి. ఆమె పాలకేంద్రంలో చీజ్ చక్రాలను ఉప్పునీటిలో తిప్పే పని చేసేది. చేసినవాడు లియోన్స్ వెర్న్యో, అదే ఊళ్లో రోడ్లు బాగుచేసే పనివాడు. అతడు ఎవరి మీదా చెయ్యెత్తలేదు, ఎవరి సొమ్మూ ముట్టలేదు. కూర్చోవలసిన కుర్చీలోంచి లేచి వెళ్లాడు. లేవలేదని చెప్పాడు. అంతే.

సెప్టెంబరు రెండవ శనివారం, పొద్దు ఇంకా కొండ అంచు దాటని వేళ, లియోన్స్ తారు మీద మోకాళ్లూని బాణం గుర్తు వేస్తున్నాడు. ముందు చీపురుతో కంకరపొడి ఊడ్చాడు. తడి గోనెగుడ్డతో తుడిచాడు. మంచు చెమ్మ ఆరేదాకా ఓపిక పట్టి, రేకులో తానే కోసుకున్న అచ్చును పరిచి, తెల్లరంగును పొట్టి కుంచెతో మూడుమార్లు అద్దాడు. నాలుగోమారు అద్దితే అంచులు చెదురుతాయని అతనికి తెలుసు. అచ్చు ఎత్తి, నాలుగడుగులు వెనక్కి నడిచి, సైకిలు మీద వచ్చేవాడి కంటితో చూశాడు. బాణం కుడివైపు పొలాల మధ్యకు పోయే సన్నదారిని చూపుతోంది. రెండు పక్కలా ముళ్లపొదల కంచె, నల్లబడిన బ్లాక్‌బెర్రీ పండ్లు, వాటి వెనక ఎర్రని ఆవులు. ఆ దారిన రోజుకు మూడు కార్లు వస్తే ఎక్కువ.

ప్రతి ఏడూ ఈ శనివారానికి మర్నాడు, ఆదివారం నాడు, సైకిలు సంఘం వారి సవారీ జరుగుతుంది. ఇలాంటి సన్నదారుల మీదే మూడువందల కిలోమీటర్లు తిరిగి సాయంత్రానికి ఊరు చేరాలి. పందెం కాదు, ఎవరూ గెలవరు. ప్రతివారి దగ్గరా ఒక కార్డు ఉంటుంది, మజిలీ ఊళ్లలో దాని మీద ముద్ర వేయించుకోవాలి. ఇవి కాక, అడ్డదారి తొక్కేవారిని పట్టుకోవడానికి, ఎక్కడ ఉంటుందో ముందుగా ఎవరికీ చెప్పని తనిఖీ ఒకటి. సంఘం మనిషి ఒకడు మడతకుర్చీ వేసుకుని ఏదో ఒక కూడలిలో కూర్చుంటాడు. ఆ ముద్ర లేని కార్డు చెల్లదు. చెల్లకపోవడమే కాదు, మోసగాడన్న పేరు వస్తుంది.

లియోన్స్ రంగు డబ్బాను చిన్న వ్యానులో పెట్టి, నడుము నిమురుకున్నాడు. వయసు అరవై నాలుగు. పార ఎత్తి ఎత్తి కుడి భుజం ఎడమదానికన్న రెండంగుళాలు కిందికి దిగింది. అరచేతుల పగుళ్లలో చేరిన తారు ఏ సబ్బుకూ లొంగనిది. నెలాఖరుతో అతని ఉద్యోగం ముగుస్తుంది. పెళ్లాడలేదు, ఊరు దాటి ఎక్కడా కాపురముండలేదు, సంఘం సమావేశాల్లో వెనక బల్ల మీద కూర్చుని చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తేవాడు. అతని గురించి చెడుగా చెప్పే మనిషి ఊళ్లో లేడు. ఆ సంగతే అతన్ని అన్నిటికన్న ఎక్కువగా బాధించేది.

ఏడు గంటలకు రాతిసిలువ కూడలి చేరాడు. నాచుపట్టిన పాత సిలువ, దాని కింద నాలుగు దారులు, ఉత్తరం వైపు వాలులో బరోల్ అడవి. ఏటా ఇక్కడ బాణం వేసే పని మాత్రం అతడు తొందరగా ముగించేవాడు. ఈరోజు కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందటి ఆ ఏడు రహస్య తనిఖీకి అతన్నే ఇక్కడ కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్లవాడు, సంఘం తనను నమ్మిందని పొంగిపోయాడు. అంతకు నాలుగు రోజుల ముందు వాన కురిసింది, తర్వాత వెచ్చని రాత్రులు. సెప్ పుట్టగొడుగులు లేచే అదను. బరోల్ అడవిలో వాళ్ల నాన్న చూపించిన చోటు ఒకటి ఉంది. ఆయన కన్నుమూసే ముందు ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్న చోటు. ఆ ప్రాంతంలో మనిషి తన పొలం గట్టు అయినా వదులుకుంటాడు గాని పుట్టగొడుగుల చోటు చెప్పడు. మధ్యాహ్నం మూడింటికి ఫుల్జాన్స్ అనే పొరుగు రైతు బుట్ట తగిలించుకుని ఆ వాలు వైపే పోవడం లియోన్స్ కంటపడింది. అతని మనసు ఆగలేదు. అప్పటికి సగం మందైనా రాలేదు, వచ్చేవారు ఇంకా దూరాన ఉంటారనుకున్నాడు. కుర్చీ, ముద్ర, సిరాపెట్టె సిలువ కింద వదిలి అడవిలోకి పరుగెత్తాడు.

అర్మాంద్ అప్పుడే వచ్చింది. అందరి అంచనాకన్న గంట ముందుగా, ఒంటరిగా. ఖాళీ కుర్చీ చూసింది, ఆగింది, కేక వేసింది. ముద్ర ఎదురుగానే ఉంది. తానే వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? కాని ముద్ర వేయవలసింది తనిఖీ మనిషి, సవారీ మనిషి కాదు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కొంతసేపు చూసి, వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఊరి హాలులో సంఘం అధ్యక్షుడు అడిగాడు: "లియోన్స్, నువ్వు చోటు వదిలి కదిలావా?"

"కదల్లేదండీ."

"ఈమె కుర్చీ ఖాళీగా ఉందంటోంది."

"నేను చూడలేదండీ ఈవిడ్ని."

చెప్పింది అబద్ధం కూడా కాదని ఆ క్షణాన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నిజంగానే చూడలేదు కదా! అధ్యక్షుడు రిజిస్టరులో ఆమె పేరు మీద అడ్డగీత గీశాడు. ఆ ముద్ర ఉంటే, మరుసటి ఏడు పారిస్ నుంచి పడమటి సముద్రం దాకా వెళ్లి తిరిగివచ్చే పన్నెండువందల కిలోమీటర్ల మహాసవారీకి ఆమెకు అర్హత వచ్చేది. ఆ ప్రాంతం నుంచి అంతవరకు ఏ స్త్రీ పోలేదు. ముప్పై నాలుగేళ్ల వయసులో ఆమె కోరుకున్నది అదొక్కటే. అది పోయింది, పోయి ఊరకుండలేదు. ‘అడ్డదారి అర్మాంద్’ అన్న పేరు తెచ్చిపెట్టింది. పాలకేంద్రంలో తూకం తగ్గినా, తాళంచెవి కనబడకపోయినా అందరి చూపూ ముందు ఆమె మీద వాలేది. ఆ తరువాత ఆమె ఎవరితోనూ కలిసి సవారీ చేయలేదు. ఆదివారం పూజ ముగిశాక ఒక్కతే ఈ దారిన వెళ్లి వచ్చేది, రెండేళ్ల కింద తుంటి ఎముక విరిగేదాకా.

లియోన్స్ ఆ నెలలోనే గుడిలో గురువు ముందు తప్పు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాడు. ముసలి గురువు జాలీ కోపమూ లేని గొంతుతో చెప్పాడు: "పాపాన్ని దేవుడు మన్నిస్తాడు, నాయనా. దొంగిలించిన పేరు మాత్రం ఏ హాలులో దొంగిలించావో ఆ హాలులోనే తిరిగి పెట్టాలి. అందాకా సత్ప్రసాదానికి రాకు." అతడు వెళ్లలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా గుడిలో చివరి బల్ల దగ్గరే నిలబడి, అందరూ ప్రసాదానికి లేచినప్పుడు టోపీ వంక చూసుకునేవాడు. ఆ గురువు పోయాడు, తరువాత ముగ్గురు మారారు. బదులుగా లియోన్స్ మరొకటి చేశాడు. ఏటా శీతకాలం పోగానే ఊళ్లో ఏ రోడ్డుకన్న ముందు ఈ కూడలికి వచ్చే సన్నదారి గుంతలే పూడ్చేవాడు. ముగ్గురు మేయర్లు అదేమని అడిగారు. నీరు నిలిచే చోటండీ అనేవాడు.

తొమ్మిదిన్నరకు జెర్మెన్ నడిపే కాఫీ హోటలులో రొట్టె, పంది మాంసపు ముద్ద, ఒక గ్లాసు ఎర్ర ద్రాక్షసారా. మూలబల్ల దగ్గర ఫుల్జాన్స్ ఉన్నాడు, ఎనభై దాటినా నోరు ముసలిది కాలేదు.

"వచ్చాడయ్యా రంగులరాయుడు!" అన్నాడు ఫుల్జాన్స్. "మంగళవారం వాన పడింది. రేపో మాపో లేస్తాయి. ఈసారైనా చెప్పి చావరా ఆ చోటు. నేను పోయాక ఎవరికి చెబుతావ్?"

"నువ్వు పోవులే" అంది జెర్మెన్, గ్లాసు తుడుస్తూ. "ఇక్కడ బాకీ పెట్టి పోతే నేనూరుకుంటానా?" తర్వాత లియోన్స్ వైపు తిరిగింది. "సంఘం నీకిచ్చే మెడల్ సంగతి తెలుసుగా? మూడింటికి హాల్లో. ఓక్తావ్ గారు ఉపన్యాసం రెండు కాగితాలు రాసుకున్నారు. గడ్డం గీసుకుని రా, చూడలేక చస్తున్నాం."

"మెడల్ నాకెందుకు జెర్మెన్?"

"ముప్పై ఎనిమిదేళ్లు బాణాలేశావ్, ఒక్కడూ దారి తప్పలేదు. నీకు కాక ఎవరికిస్తారు? అన్నట్టు, అర్మాంద్ ఇవాళే వెళ్లిపోతోంది. అక్క కూతురు కారేసుకొచ్చింది. అయిదింటికి బయల్దేరతారంట."

లియోన్స్ చేతిలోని రొట్టె ముక్క బల్ల మీదికి దిగింది. "నెలాఖరుకని కదా అన్నారు?"

"ఇల్లు కొన్నవాళ్లు తొందర పెట్టారట. సముద్రం ఒడ్డున వాళ్ల అక్క దగ్గరికి. మళ్లీ వస్తుందని నేననుకోను." గొంతు తగ్గించి అంది జెర్మెన్: "పోనీలే పాపం. మోసం చేస్తే చేసింది గాని, ఒకరి జోలికి పోయే మనిషి కాదు."

మోసం చేస్తే చేసింది గాని. ఎంత తేలిగ్గా అంది, ఎంత దయగా అంది! లియోన్స్ గ్లాసు పూర్తి చేయకుండానే లేచాడు.

అర్మాంద్ ఇల్లు ఊరి చివర, పలకరాతి కప్పుతో. వాకిట్లో కారు తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. అక్క కూతురు మిరేయ్ పెట్టెలు సర్దుతోంది. అర్మాంద్ గేటు దగ్గర చేతికర్ర మీద బరువు ఆనించి నిలబడి ఉంది. పొట్టి మనిషి, తెల్లజుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది, కళ్లు మాత్రం ఎదురుగాలికి అలవాటు పడినవారి కళ్లలా సగం మూసి ఉంటాయి.

"మా గేటు ముందు బాణం వంకరగా వేశారు, మొస్యో వెర్న్యో" అంది ఆమె. ఒకప్పుడు ఆమె అతన్ని ఏరా అని పిలిచేది. ఆ సాయంత్రం తర్వాత మీరు అనడం మొదలుపెట్టింది, మరి మానలేదు.

"సరిచేస్తానండీ." టోపీ తీశాడు. "మదామ్, ఒక్క మాట. మీతో చెప్పవలసింది ఒకటుంది. ఆ రోజు కూడలి దగ్గర..."

"నాతో ఎందుకు?"

లియోన్స్ గేటు మీద చెయ్యి వేశాడు.

"ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాగా, లేనిది మీరు. తెలియనివాళ్లు ఊరినిండా ఉన్నారు, వెళ్లి వాళ్లకి చెప్పండి." కర్ర ఎత్తి రోడ్డు వంక చూపింది. "గుంతలు పూడ్చారు. నేను గమనించలేదనుకోకండి. రోడ్డు బాగుచేశారు గాని, పేరు బాగుచేయలేదు. మిరేయ్! ఆ దీపం గుడ్డలో చుట్టవే, పగుల్తుంది."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. లియోన్స్ వంకర బాణాన్ని తారుతో కప్పి, ఆరాక మళ్లీ వేశాడు. రెండోసారీ కొంచెం వంకరగానే వచ్చింది.

ఇంటికి పోయి గడ్డం గీసుకున్నాడు. పొయ్యి మీది సూప్ వెచ్చబెట్టి, తినకుండానే దించాడు. పెళ్లిళ్లకు తొడిగే నల్లకోటు భుజాల దగ్గర వదులైంది. అద్దం ముందు నిలబడి ఆ వాక్యాన్ని పెదవులతో అనుకుని చూశాడు. అయిదారు మాటల కన్న ఎక్కువ లేదు. అంత చిన్న వాక్యం కింద ఒక మనిషి బతుకంతా పడి నలిగిందంటే నమ్మబుద్ధి కాలేదు.

మూడింటికి హాలు నిండింది. రేపటి సవారీకి పొరుగూళ్ల నుంచి వచ్చినవారూ ఉన్నారు. కార్డులు పంచడం అయ్యాక మందుల దుకాణం నడిపే ఇప్పటి సంఘం అధ్యక్షుడు ఓక్తావ్ దెలాజ్ లేచి, నీలం మూతపెట్టె తెరిచి, ఉపన్యాసం అందుకున్నాడు. ఒకప్పుడు ఆ అడ్డగీత గీసిన అధ్యక్షుడు ఓక్తావ్ తండ్రే. "నమ్మకానికి మారుపేరు..." అని రెండో కాగితం మొదలుపెట్టేసరికి వెనక బల్ల కిర్రుమంది.

"ఆపండి ఓక్తావ్ గారూ" అన్నాడు లియోన్స్.

"ఇంకా అయిపోలేదయ్యా, అరకాగితం ఉంది."

నవ్వులు. అవి ఆగేదాకా లియోన్స్ నిలబడ్డాడు.

"ఆ ఏడు రాతిసిలువ దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది. అర్మాంద్ రూజియే చెప్పింది నిజం. నేను లేచి వెళ్లాను. వెళ్లలేదని ఇదే హాల్లో చెప్పాను."

ఎవరో కుర్చీ జరిపారు. ఓక్తావ్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏమంటున్నావ్ లియోన్స్? ఒంట్లో బాగుందా?"

"అడ్డదారి తొక్కింది ఆవిడ కాదు. నేను."

"ఎక్కడికి పోయావ్ మరి?" అని ముందు వరస నుంచి జెర్మెన్ అరిచింది. ఆ అరుపులో ఆమె పొద్దున అన్న మాటే ఆమెను కరిచినట్టుంది. "ఏం పని మీద పోయావ్, చెప్పు!"

"పుట్టగొడుగులకి."

హాలంతా గొల్లుమంది, మరుక్షణం ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. ఎందుకంటే లియోన్స్ నవ్వడం లేదు. సగం చెబితే సగం బాకీ మిగులుతుందని అతనికి స్పష్టంగా తెలిసింది. ఏ చోటును దాచడానికి ఆమె పేరును ధారపోశాడో ఆ చోటును కూడా అక్కడ పెట్టాలి.

"బరోల్ అడవిలో ఎండిన ఊట ఉందిగా, దానికి పైన. పిడుగు పడ్డ ఓక్ చెట్టు నుంచి కుడిచేతి వైపు నలభై అడుగులు, నాచు రాళ్ల వెనక. మా నాన్న చూపించాడు. ఆ రోజు ఫుల్జాన్స్ బుట్ట పట్టుకుని అటే పోతుంటే భయపడి పరుగెత్తాను."

ఫుల్జాన్స్ చేతికర్రతో నేల మీద గుద్దాడు. "నాచు రాళ్ల వెనకా! దాని ముందు నుంచి నలభయ్యేళ్లు నడిచాను కదరా, దుర్మార్గుడా! నేనారోజు పోయింది పుట్టగొడుగులకి కాదు, మా ఆవు తప్పిపోతే దాని కోసం! బుట్టలో ఉన్నది ఉప్పు, దాన్ని మచ్చిక చేద్దామని!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. లియోన్స్ బల్ల అంచు పట్టుకున్నాడు. లేని పోటీకి భయపడి పరుగెత్తానని అతనికి ఇప్పుడే తెలిసింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ తప్పు ఇంకా చిన్నదైపోతోంది, చిన్నదైనకొద్దీ మరింత భరించరానిదవుతోంది.

"రిజిస్టరు తెప్పించండి" అన్నాడు. "గీత మీ నాన్నగారు గీశారు. మీరు దిద్దండి."

ఓక్తావ్ పెట్టె మూత మూసి, దాన్ని కాగితాల కిందికి తోశాడు. బీరువా నుంచి పాత పుస్తకం వచ్చింది. దుమ్ము తుడిచి, ఆ పుట తీసి, తండ్రి చేతిరాతను చాలాసేపు చూశాడు. కలం తీసి రాశాడు. "అయిదవుతోంది" అని ఎవరో అన్నారు. ఓక్తావ్ పుస్తకం చంకలో పెట్టుకుని అర్మాంద్ ఇంటి వైపు బయల్దేరాడు, ఎవరూ పిలవకుండానే హాలులోని మనుషులంతా లేచి అతని వెంట నడిచారు.

కారు ఇంజను అప్పటికే పనిచేస్తోంది. వీధి నిండా మనుషులను చూసి మిరేయ్ దాన్ని ఆపింది. అర్మాంద్ ముందు సీటులో కూర్చుని ఉంది. కిటికీ అద్దం దించింది.

ఓక్తావ్ గొంతు సవరించుకుని చదివాడు: "రూజియే అర్మాంద్. మూడువందల కిలోమీటర్లు పూర్తి దారిన, పదమూడు గంటల నలభై నిమిషాల్లో పూర్తి చేశారు. తనిఖీ మనిషి స్థానంలో లేని కారణాన ముద్ర పడలేదు. గీత తప్పు."

"గట్టిగా చదువు, అబ్బాయ్. ఆ వెనక జెర్మెన్‌కి వినబడలేదు" అంది అర్మాంద్.

"వినబడింది అర్మాంద్" అంది జెర్మెన్, ఏడుపు గొంతుతో.

"అయినా సరే."

అతడు మళ్లీ చదివాడు, బడిలో కుర్రాడిలా, ఒక్కొక్క మాటా విడదీసి.

ఆమె లియోన్స్ వైపు చూసింది. "ఎంతసేపు అక్కడ లేవు?"

"ఇరవై అయిదు నిమిషాలు. పుట్టగొడుగులకి పోయాను. ఆ చోటు ఇవాళ హాల్లో అందరికీ చెప్పాను."

"పదకొండు నిమిషాలు ఆగాను. ఇంకో పద్నాలుగు ఆగి ఉంటే సరిపోయేది. పుట్టగొడుగులు ఎన్ని దొరికాయి?"

"నాలుగు."

"నాలుగు" అని ఆమె తనలో తాను అనుకున్నట్టుగా అంది. "తిన్నావా?"

"అమ్మ వండింది. నేను తినలేకపోయాను."

"తినవలసింది. ఒకరికైనా పనికొచ్చేవి." ఓక్తావ్ వంక తిరిగింది. "రేపు కూడలి దగ్గర ఎవర్ని కూర్చోబెడుతున్నావు?"

"అది... రహస్యం కదా మదామ్."

"ఇతన్ని కూర్చోబెట్టు. పొద్దున్నించి చివరి మనిషి వెళ్లేదాకా. ఊరంతా బుట్టలు పట్టుకుని ఆ అడవిలోకి పోతుంటుంది, అది నాకు తెలుసు. లేవకూడదు."

"లేవను" అన్నాడు లియోన్స్.

"అయితే నా బాకీ పూర్తిగా తీరింది. నాకు నువ్వింకేమీ ఇవ్వనక్కర్లేదు." ఏరా అనలేదు గాని, మీరు అనడం మానింది. "క్షమించానని మాత్రం ఎవరితోనూ చెప్పకు. అది ఇంకా నాకే తెలియదు. నా కాళ్ల మీద చూడవలసిన సముద్రాన్ని కారులో కూర్చుని చూడబోతున్నాను. మిరేయ్, పెద్దరోడ్డు వద్దు. బాణాల వెంట పోనీ."

కారు సన్నదారిలోకి తిరిగింది. ముళ్లపొదల మధ్య దాని చప్పుడు కాసేపు వినిపించి, లోయలో దిగి అణగిపోయింది. జనం ఇళ్లకు మళ్లారు. లియోన్స్ గేటు వేయబోయి, చేయి తీయకుండా నిలబడ్డాడు. మూసిన తలుపు ముందు, గడప పక్కన, తోటపనికి తొడిగే కర్రజోళ్లు ఆమె మరిచిపోయిందో, వదిలిపోయిందో. మడమల దగ్గర అరిగి, లోపల చలికి పెట్టుకున్న గడ్డిపరకలతో, కొనలు రోడ్డు వైపు తిరిగి, జంటగా ఉన్నాయి.